హెచ్‌ఐవీ పాఠాలు – 3: రిపోర్టు కంటే ముందు తేదీ అడగండి

గత పాఠంలో వైరస్ మన రోగనిరోధక వ్యవస్థలోని సీడీ4 కణాల్లోకి ఎలా దూరుతుందో చూశాం. ఈసారి చేతికొచ్చిన రిపోర్టుకి అర్థం చెప్పడం నేర్చుకుందాం.

ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, టెస్టింగ్ కేంద్రాల్లో) చేసే ర్యాపిడ్ టెస్ట్ మామూలుగా వైరస్‌ని కాదు, దాని మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను పట్టుకుంటుంది. అవి టెస్టుకి దొరికేంతగా పెరగడానికి 3 నుంచి 12 వారాలు పట్టొచ్చు. ఇదే విండో పీరియడ్.

ఒకతను మార్చి 1న కండోమ్ లేకుండా కలిశాడు. పదో తేదీన టెస్ట్ చేయించుకుంటే నాన్‌రియాక్టివ్ (అంటే యాంటీబాడీలు దొరకలేదని) వచ్చింది. 'హమ్మయ్య' అనుకోవడానికి లేదు. మార్చి 1న ఏం జరిగిందో ఆ కాగితానికి ఇంకా తెలియదు. జూన్ మొదటి వారంలో మళ్లీ చేయించుకోవాలి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి, రక్తదానం వద్దు. నిజంగా సోకి ఉంటే, రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగేది ఈ తొలి వారాల్లోనే. టెన్షన్ పడి రోజు మార్చి రోజు టెస్ట్ చేయించుకునేవాళ్లూ ఉంటారు, డబ్బు దండగ.

అతనే మార్చి 2న వచ్చి ఉంటే కథ వేరు. 72 గంటలు దాటకముందే పెప్ (వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఆపే) మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. అందుకే వచ్చినవాళ్లని ముందు అడగాల్సింది 'ఎప్పుడు?' అని. 'ఎవరితో?' అని ఆరా తీస్తూ కూర్చుంటే ఆ గంటలు తిరిగి రావు.

ఇక స్ట్రిప్. 'సి' (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే ఆ టెస్ట్ చెల్లదు, కొత్త కిట్ తీయాలి. 'టి' (టెస్ట్) దగ్గర గీత ఎంత లేతగా ఉన్నా, కిట్ మీద రాసిన టైంలోపు కనిపిస్తే రియాక్టివే. ఆ టైం దాటాక చదవకూడదు. ఒక్క కిట్‌లో రియాక్టివ్ వస్తే పాజిటివ్ అని చెప్పేయకండి. వేర్వేరు రకాల కిట్లు మూడింటిలోనూ రియాక్టివ్ వస్తేనే ఆ మాట. ఫలితాలు కలవకపోతే కొన్ని వారాలాగి మళ్లీ చేయాలి.

అభ్యాసం: తల్లికి హెచ్‌ఐవీ ఉంది. నాలుగు నెలల బిడ్డకి యాంటీబాడీ టెస్ట్ రియాక్టివ్ వచ్చింది. బిడ్డకి సోకినట్టేనా? తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండొచ్చని గుర్తుపెట్టుకుని, ఏ టెస్ట్ చేయాలో రాయండి. జవాబు నాలుగో పాఠంలో, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్‌తో పాటు.