అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: నొప్పి మాత్రల సంగతి

మన ఊళ్ళో పన్ను నొప్పి అంటే పక్కింటివాళ్ళు సగం స్ట్రిప్పు తెచ్చి చేతిలో పెడతారు. మెడికల్ షాపు అబ్బాయి ఎక్కడ నొప్పి అని అడిగి రెండు బిళ్ళలు కత్తిరించి ఇస్తాడు. అమెరికాలో దిగాక మార్చుకోవాల్సిన మొదటి అలవాటు ఇదే. ఇక్కడ పళ్ళ డాక్టర్లు, సర్జన్లు రాసే కొన్ని నొప్పి మాత్రలు మనం ఎరిగిన పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి కావు, నల్లమందు జాతివి. ఓపియాయిడ్లు అంటారు. నొప్పినీ తగ్గిస్తాయి, మత్తునూ ఇస్తాయి, డోసు మీరితే ఊపిరినీ ఆపేస్తాయి.

'దుర్వినియోగం' అనగానే చీకటి సందులో మత్తుకు బానిసైన మనిషి గుర్తొస్తాడు. ఇక్కడి ప్రభుత్వం ఏటా ఇంటింటికీ వెళ్ళి చేసే సర్వేలో ఆ మాటకు అర్థం వేరు. మీ పేరున చీటీ లేకుండా వేసుకున్నా, చెప్పినదానికంటే ఎక్కువ వేసుకున్నా, చెప్పిన రోజులు దాటి వాడినా అన్నీ దుర్వినియోగమే. ఈ లెక్కన 2022లో 12 ఏళ్ళు నిండినవారిలో దాదాపు 85 లక్షల మంది, అంటే నూటికి ముగ్గురు, డాక్టరు రాసే నొప్పి మాత్రల్ని తప్పుగా వాడారు. ఎందుకు వాడారని 2019 సర్వేలో అడిగితే మూడింట రెండు వంతుల మంది చెప్పింది ఒంటి నొప్పి తగ్గడానికనే. మాత్ర ఎక్కడిది అంటే సగం మంది చెప్పింది స్నేహితులు, బంధువులు అని. 'నా దగ్గర ఉంది, ఒకటి వేసుకో' అని మనం ప్రేమగా అనే మాట, ఈ దేశంలో ఈ సమస్య నడిచే ప్రధాన దారుల్లో ఒకటి.

ఆసియా మూలాలవారిలో ఈ శాతం మిగతావారికంటే తక్కువే. దాన్ని చూసి మనవాళ్ళకు ఇది అంటదని అనుకోవడం తెలివి కాదు. చుట్టాలందరి మందుల డబ్బా ఒక్కటే అయిన ఇంట్లో సగటు లెక్కలు కాపలా కాయవు.

ఇంతదాకా ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పుకోవాలి. 1996లో ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ మాత్ర బజారులోకి వచ్చింది. అలవాటయ్యే ప్రమాదం తక్కువని చెప్పి డాక్టర్ల చేత విపరీతంగా రాయించారు. ఆ ప్రచారం తప్పని 2007లో తయారీ కంపెనీయే కోర్టులో నేరం ఒప్పుకుంది. వెస్ట్ వర్జీనియాలో విలియమ్సన్ అని మూడు వేల జనాభా కూడా సరిగా లేని ఊరు ఉంది. అక్కడి రెండు మందుల షాపులకు పదేళ్ళలో 2 కోట్లకు పైగా ఓపియాయిడ్ బిళ్ళలు చేరాయి. 2012లో దేశం మొత్తం మీద రాసిన చీటీలు 25 కోట్లు దాటాయి, నూరు మందికి 81 చొప్పున. తర్వాత నిబంధనలు బిగించారు, 2020 నాటికి అది 43కు దిగింది. చావులు మాత్రం తగ్గలేదు, పెరిగాయి. మాత్ర దొరకనివాళ్ళు హెరాయిన్‌కు మళ్ళారు, 2013 తర్వాత దొంగతనంగా తయారయ్యే ఫెంటానిల్ అనే అతి బలమైన ఓపియాయిడ్ వచ్చిపడింది. 2023లో అన్ని రకాల డ్రగ్స్ వల్ల 1,05,000 మంది చనిపోతే, అందులో 79,000 మంది మరణాల్లో ఓపియాయిడ్లు ఉన్నాయి. 2024లో మొత్తం 80,000 దగ్గరికి తగ్గింది.

సీసా మీద రాసింది చదవడం

ఇక్కడ బిళ్ళలు స్ట్రిప్పుల్లో రావు. నారింజ రంగు సీసాలో లెక్కపెట్టి పోసి, మీ పేరున్న లేబుల్ అంటించి ఇస్తారు. మూత నొక్కి తిప్పితేనే వస్తుంది. పేర్లు గుర్తుపెట్టుకోండి: నార్కో, వికోడిన్ అంటే హైడ్రోకోడోన్. పెర్కొసెట్ అంటే ఆక్సీకోడోన్. టైలినాల్ 3 అంటే కోడీన్ కలిసినది. ట్రమడాల్ మనకు తెలిసిందే, అదీ ఈ జాతే.

లేబుల్ మీద '5-325' అని ఉంటే మొదటి అంకె ఓపియాయిడ్, రెండోది అసిటమినోఫెన్, రెండూ మిల్లీగ్రాముల్లో. మనవాళ్ళు బోల్తాపడేది ఇక్కడే. అసిటమినోఫెన్ అంటే వేరే మందు కాదు, మన పారాసిటమాల్‌కు అమెరికా పేరు. పెర్కొసెట్ 5-325 ఆరు గంటలకోసారి రెండేసి వేసుకుంటే రోజుకు 8 బిళ్ళలు, పారాసిటమాల్ 2,600 మి.గ్రా. ఒళ్ళు వెచ్చగా ఉందని సూట్‌కేసులోంచి రెండు డోలో 650 తీస్తే 3,900. రాత్రి జలుబుకు రెండు నైక్విల్ క్యాప్సూల్స్ వేస్తే ఇంకో 650. మొత్తం 4,550. పెద్దవాళ్ళకు రోజుకు గరిష్ఠ పరిమితి 4,000, మద్యం అలవాటున్నా కాలేయ జబ్బున్నా అంతకంటే చాలా తక్కువ. ఒక్కో మందునూ విడిగా చూస్తే ఏదీ మీరలేదు, దెబ్బతినేది మాత్రం ఒకే కాలేయం. ఓపియాయిడ్ సీసా ఇంట్లో తెరిచారంటే అది అయ్యేదాకా డోలో డబ్బా అటక మీద పెట్టేయండి.

లేబుల్ మీద ఇంకో మాట ఉంటుంది, 'యాజ్ నీడెడ్' అని. నొప్పి ఉంటేనే వేసుకోమని దాని అర్థం. యాంటీబయాటిక్ లాగా కోర్సు పూర్తి చేయాలేమో అనుకుని సీసా ఖాళీ అయ్యేదాకా మింగకండి.

డాక్టరు రాస్తున్నప్పుడే అడగాల్సినవి

జ్ఞానదంతం తీయించుకోవడమే చాలామంది విద్యార్థులకు ఓపియాయిడ్‌తో తొలి పరిచయం. పన్ను తీశాక వచ్చే నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., అసిటమినోఫెన్ 500 మి.గ్రా. కలిపి వేసుకుంటే చాలామందికి ఓపియాయిడ్ అంత బాగానో, ఇంకా మెరుగ్గానో పనిచేస్తుంది. రెండూ చీటీ లేకుండా దొరుకుతాయి. కిడ్నీ ఇబ్బంది, కడుపులో పుండ్లు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్ళు ఐబుప్రొఫెన్ గురించి ముందు డాక్టరును అడగాలి. 'ముందు ఇవి వాడి చూస్తాను' అని మీరే అంటే చాలామంది పళ్ళ డాక్టర్లు సరేనంటారు.

ఓపియాయిడ్ తప్పదంటే ఎన్ని రోజులకు రాస్తున్నారో అడగండి. మామూలు నొప్పికి 3 రోజులు సరిపోతుందని, 7 రోజులు దాటాల్సిన అవసరం అరుదని 2016లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పింది. రోజుల లెక్క ఎందుకంటే, తొలిసారి 8 రోజులో అంతకంటే ఎక్కువో వాడినవారిలో ఏడాది తర్వాతా వాడుతున్నవాళ్ళు 13.5 శాతం ఉన్నారని, 31 రోజులో అంతకంటే ఎక్కువో వాడితే అది 30 శాతం దగ్గరికి వెళ్ళిందని 2017లో అదే సంస్థ లెక్కతేల్చింది. శరీరం మందుకు అలవాటు పడి అదే బిళ్ళ నిన్నటంత పనిచేయదు. మానేస్తే ఒళ్ళు నొప్పులు, చెమటలు, నిద్రలేమి. అది పాత నొప్పే తిరగబెట్టిందనుకుని ఇంకోటి వేసుకుంటారు.

ఎక్కువమందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. 20 బిళ్ళలు రాస్తే 6 మాత్రమే ఇవ్వమని ఫార్మసీ కౌంటరులో అడగవచ్చు. 2016 చట్టం ప్రకారం మిగతావి చీటీ రాసిన 30 రోజుల్లోపు తీసుకోవచ్చు, రాష్ట్రపు నిబంధన అడ్డురాకపోతే. అక్కర్లేకపోతే వదిలేయవచ్చు. హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ చీటీలకు రీఫిల్ ఉండదు, సీసా పోయిందన్నా సాధారణంగా మళ్ళీ ఇవ్వరు. ఏ డాక్టరు ఎప్పుడు ఏం రాశారో రాష్ట్ర రికార్డులో కనిపిస్తుంది కాబట్టి ఇద్దరు డాక్టర్ల దగ్గర తీసుకుంటే తెలిసిపోతుంది.

నిద్రకో ఆందోళనకో ఆల్‌ప్రాక్స్, క్లోనజెపామ్ వాడుతుంటే తప్పక చెప్పండి. ఇండియా మందులే కదా, వీళ్ళకెందుకు అనుకోవద్దు. ఓపియాయిడ్‌తో కలిస్తే రెండూ ఊపిరిని మందగింపజేస్తాయి. మద్యమూ అంతే. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, మొదటి రోజు నుంచే నీళ్ళు, పీచు పెంచండి. మాత్ర వేసుకుని బండి నడపకండి, చీటీ ఉన్నా కేసు కేసే.

అమ్మానాన్నల సూట్‌కేసు

మోకాళ్ళ నొప్పులకు అమ్మ తెచ్చుకునే అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ ఉంది. ఇండియా 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చింది, అమెరికాలో 2014 నుంచే నియంత్రిత మందు. ట్రమడాల్ లాంటిదే అయిన టాపెంటడాల్ ఇక్కడ ఇంకా కఠినమైన జాబితాలో ఉంది. కోడీన్ కలిసిన దగ్గు సిరప్పులూ నియంత్రిత మందులే. తేవద్దని కాదు, తెచ్చే పద్ధతి ఉంది. షాపు ఇచ్చిన అసలు ప్యాకింగులోనే ఉండాలి, డబ్బాలో కలిపి పోయకూడదు. డాక్టరు చీటీ ఇంగ్లిషులో ఉండాలి. కస్టమ్స్ దగ్గర నోటితో చెప్పాలి. అమెరికాలో నివసించేవారు ఇక్కడి డాక్టరు చీటీ లేకుండా బయటి నుంచి నియంత్రిత మందులు తెచ్చుకుంటే మొత్తం 50 డోసులకు మించకూడదు. కొరియర్‌లో పంపించుకోవడం మాత్రం అసలు కుదరదు.

రూమ్మేటుకు నడుము పట్టేసిందని మీ సీసాలోంచి రెండు బిళ్ళలు ఇస్తే అది సాయం కాదు, చట్టం దృష్టిలో పంపిణీ. వీసా మీద ఉన్నవాళ్ళకు మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడితే దేశం వదిలి పొమ్మనేదాకా వస్తుంది.

మాటల్లో మాట: ఉద్యోగానికి ముందు మూత్ర పరీక్ష ఉంటే ఆ వారం గసగసాల కూర మానుకోండి. గసగసాలు నల్లమందు మొక్క గింజలే, వాటి మీద నల్లమందులోని మార్ఫిన్ జాడ ఉంటుంది, పరీక్షలో అది తేలవచ్చు. మసాలాకు రెండు చెంచాలు నూరి వేసే మనకు బన్ను మీద చల్లుకునేవాళ్ళకంటే ఆ చిక్కు ఎక్కువ.

మిగిలిన బిళ్ళలు, నకిలీ బిళ్ళలు

నొప్పి తగ్గాక మిగిలినవి 'మళ్ళీ పనికొస్తాయి' అని దాచకండి. పిల్లలకు, ఇంటికొచ్చే అతిథులకు అందేది ఆ సీసానే. చాలా ఫార్మసీల్లో, పోలీస్ స్టేషన్లలో మిగిలిన మందులు వేసే పెట్టె ఉంటుంది. దగ్గర్లో లేకపోతే హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ మాత్రం టాయిలెట్లో వేసి నీళ్ళు వదలమని ఔషధ నియంత్రణ సంస్థే చెబుతుంది. వారాల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చేత డోసు మెల్లగా తగ్గించుకోవాలి. వదలడం కష్టమైతే బుప్రెనార్ఫిన్ అనే మందు ఉంది. 2023 నుంచి దాన్ని రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 1-800-662-4357కు ఫోన్ చేస్తే దగ్గర్లో చికిత్స ఎక్కడ దొరుకుతుందో ఉచితంగా చెబుతారు.

సోషల్ మీడియాలో 'చీటీ లేకుండా పెర్కొసెట్' అని అమ్మేవి కొనవద్దు. ఒక వైపు 'ఎం', రెండో వైపు '30' ఉన్న నీలి బిళ్ళ చూడటానికి అచ్చం ఫార్మసీ బిళ్ళే, లోపల ఫెంటానిల్. 2 మి.గ్రా. చాలు ప్రాణం తీయడానికి. 2023లో మాదకద్రవ్యాల నిఘా సంస్థ పరీక్షించిన నకిలీ బిళ్ళల్లో పదింటికి ఏడింటిలో చంపగల మోతాదు ఉంది.

ఇంట్లో ఓపియాయిడ్ సీసా ఉంటే, డోసు మీరినప్పుడు దానికి విరుగుడుగా పనిచేసే నార్కాన్ ముక్కు స్ప్రే కూడా ఉండాలి. 2023 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు, రెండు డోసుల పెట్టె 45 డాలర్ల దాకా. మనిషి పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించి గురక లాంటి శబ్దం వస్తున్నా, పెదవులు నీలంగా మారినా నిద్రపోతున్నారులే అనుకోకండి. 911కు ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి వేసి తల వెనక్కి వంచి, స్ప్రే కొనను ఒక ముక్కు రంధ్రంలో పెట్టి అడుగునున్న మీటను పూర్తిగా నొక్కండి. ముందుగా గాల్లోకి కొట్టి చూడకండి, ఒక్కో స్ప్రేలో ఉండేది ఒకే డోసు. తర్వాత పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 2, 3 నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో స్ప్రే రెండో ముక్కు రంధ్రంలో. లేచి కూర్చుని 'బాగానే ఉన్నాను, అంబులెన్స్ వద్దు' అన్నా అంబులెన్స్‌ను వెనక్కి పంపేయకండి. స్ప్రే ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, మింగిన మాత్ర అంతకంటే ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది.