బండి వంటింట్ల ఇండక్షన్ పెట్టుకునేటోళ్లకు

మాది దేవరకొండ. నాగార్జునసాగర్ పోయినా, శ్రీశైలం పోయినా వంట మా వ్యాన్లనే. మే ఎండల గ్యాస్ మంట పక్కన నిలవడుడు అమ్మతోని కాలేదు, అందుకే ఇండక్షన్ పొయ్యికి మారినం.

గిన్నె అడుగుకు అయస్కాంతం గట్టిగ అంటాలె, అట్లయితెనే ఈ పొయ్యి మీద వేడెక్కుతది. అల్యూమినియం తపేలాలు ఇంట్లనే ఉంచున్రి. జొన్నరొట్టెకు అడుగు చదునుగున్న ఇనుప పెనం మస్తుగుంటది.

అసలు సంగతంత కరెంటుదే. పొయ్యిని 1000 వాట్లకు పెట్టి వండితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు దగ్గర గుంజుతది. మాది 200 ఆంపియర్-అవర్ల (అంటే 100 ఆంపియర్లు రెండు గంటలు ఇయ్యగలిగే) లిథియం బ్యాటరీ, 2000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటు లెక్కనే ఇచ్చే) ఇన్వర్టర్. 20 నిమిషాల వంటకు బ్యాటరీల సుమారు ఏడో వంతు పోతది. ఇన్వర్టర్ వైర్లు లావుగ, పొట్టిగ ఉండాలె. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టియ్యున్రి. దీంట్ల పొదుపు వద్దు, సన్న వైరు కాలుతది.

పొయ్యి కింద ఫ్యానుకు గాలి ఆడనియ్యున్రి.