జీపీఎస్ యాంటెన్నాకు ముందు ఆకాశం చూపించండి

జీపీఎస్ రిసీవర్ నుంచి సమయం తీసుకునే నా సర్వర్ గడియారం రోజంతా మైక్రోసెకన్ల తేడాలోనే ఉండేది. తెల్లవారుజామున మాత్రం రిసీవర్ సెకనుకోసారి పంపే పల్సు ఆగిపోయి, గడియారం మెల్లగా జారేది. వారం రోజులు సెట్టింగులతో కుస్తీ పట్టాక లాగ్‌లో ఒకటి కనబడింది: నిన్నటికంటే ఇవాళ నాలుగు నిమిషాల ముందే ఆగుతోంది. జీపీఎస్ ఉపగ్రహాలు ఆకాశంలో మళ్లీ అవే చోట్లకు వచ్చేది 23 గంటల 56 నిమిషాలకు. అంటే రిసీవర్‌కు జబ్బేమీ లేదు. కిటికీ గట్టు మీదున్న యాంటెన్నాకు ఆ వేళ సరిపడా ఉపగ్రహాలు కనబడట్లేదు, అంతే.

కాబట్టి ఏదైనా కొనేముందు కొలవండి. సీజీపీఎస్ (రిసీవర్‌కు కనబడే ఉపగ్రహాలను చూపించే ప్రోగ్రాం) తెరిచి, ఒక్కో ఉపగ్రహం ఎదురుగా ఉండే సిగ్నల్ అంకె చూడండి. నాలుగైదు 40 దాటితే బాగున్నట్టు. అన్నీ 30 లోపే ఉంటే ఎన్ని ఉపగ్రహాలు కనబడినా లాభం లేదు, అందులో గోడలకు తగిలి వచ్చినవే ఎక్కువ కావచ్చు. ఒక రోజంతా రాసుకోండి, గంటసేపు చూసి నమ్మొద్దు.

తర్వాత యాంటెన్నాను బయటికి, వీలైనంత పైకి చేర్చండి. అన్నివైపులా ఆకాశం తెరిచి ఉండాలి. ఒక్క వైపే కుదిరితే, భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్నవారు దక్షిణం వైపు ఎంచుకోవాలి. ఉపగ్రహాల కక్ష్యలు భూమధ్యరేఖకు 55 డిగ్రీలే వాలి ఉంటాయి కాబట్టి వాళ్లకు ఉత్తరాన కొంత ఆకాశం ఖాళీగా ఉంటుంది.

చదునైన చిన్న యాంటెన్నా అయితే కింద లోహపు పలక తప్పనిసరి. నేను అరచేయంత ఇనుప డబ్బా మూతను బోర్లించి, దాని నడిమధ్య అంటించాను. యాంటెన్నా అడుగునున్న అయస్కాంతం టక్కున పట్టుకుంది. సిగ్నల్ అంకెలు అప్పటికప్పుడే మూడు పెరిగాయి.

కేబుల్ దగ్గర చాలామంది పొరబడతారు. సన్నని ఆర్‌జీ-174 రకం కేబుల్‌లో మీటరుకు ఒక డెసిబెల్‌కు పైగానే సిగ్నల్ పోతుంది, దానికి అతుకులు వేసి పొడిగించకండి. దూరం ఎక్కువైతే లావు కేబుల్ వేయండి. రిసీవర్ వైపు యాంప్లిఫయర్ పెడితే సిగ్నల్‌తో పాటు రొదా పెరుగుతుంది, యాంప్లిఫయర్ యాంటెన్నాలోనే ఉండాలి. కేబుల్‌లో మీటరుకు 5 నానోసెకన్ల ఆలస్యం గురించి కంప్యూటర్ గడియారానికి బెంగక్కర్లేదు. రొద పుట్టించే యూఎస్‌బీ 3 హబ్బుకు మాత్రం యాంటెన్నాను కనీసం మీటరు దూరంలో ఉంచండి. బయటి జాయింట్లకు నీరు దిగని టేపు చుట్టండి.

మీది టైమింగ్ రిసీవర్ (కచ్చితమైన సమయం కోసమే చేసినది) అయితే ఒక రోజు సర్వే చేయించి, అంటే తానున్న చోటును కొలుచుకోనిచ్చి, ఆ స్థానాన్ని స్థిరపరచండి. ఆపైన ఒక్క ఉపగ్రహం దొరికినా సమయం ఇస్తుంది. కొత్తగా ఆన్ చేశాక పావుగంట ఆగండి: లీపు సెకన్ల (ప్రపంచ సమయాన్ని సరిచేయడానికి అప్పుడప్పుడు కలిపిన సెకన్ల) లెక్క ఉండే సందేశం పూర్తిగా రావడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది.

చివరికి క్రోనీలో (సర్వర్ గడియారాన్ని సరిదిద్దే ప్రోగ్రాం) పీపీఎస్, అంటే ఆ సెకను పల్సు, వరుస చూడండి. ముందు నక్షత్రం గుర్తు, రీచ్ గడిలో 377 ఉండాలి. అంటే గత ఎనిమిది ప్రయత్నాలూ అందాయన్నమాట. యాంటెన్నా డాబా ఎక్కిన మర్నాడు తెల్లవారుజామున లేచి చూశాను, 377 కదల్లేదు.