నీళ్లలో ఫొటోలు తీయడానికి కెమెరా ఎంచుకోవడం ఎలా?

నీళ్లలో ఫొటోలు తీయాలన్న కోరికతో కెమెరా కొనబోయే వారు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు: అది ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుంది, దానికి ఎన్ని మెగాపిక్సెళ్లు ఉన్నాయి. ఈ రెండూ తరువాత చూసుకోవలసినవి. అండమాన్ నీళ్లలో తీసిన వీడియోలు చూసి ముచ్చటపడి కొన్న కెమెరాను మైపాడు సముద్రంలోనో కొత్తపట్నం ఒడ్డునో ముంచి, బురదరంగు తప్ప మరేమీ రాలేదని మూలన పడేసిన వారిని నేను చాలామందిని చూశాను. ఆ తప్పు కెమెరాది కాదు, ఎంపికది.

ముందు నీటిని కొలవండి

తెల్లని పింగాణీ పళ్లేన్ని తాడుకు కట్టి నీళ్లలోకి దించి, ఎంత లోతున కనుమరుగవుతుందో గుర్తుపెట్టుకోండి. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి సముద్రపు తేటదనాన్ని కొలిచింది ఇలాంటి తెల్లని బిళ్లతోనే. చూపు ఆనే దూరంలో ఐదో వంతుకు మించి దూరాన ఉన్నదేదీ ఫొటోలో స్పష్టంగా రాదన్నది నీళ్లలో పనిచేసే వారు పాటించే లెక్క. పళ్లెం రెండు మీటర్ల దగ్గర మాయమైతే, మీరు ఫొటో తీయబోయే చేప 40 సెంటీమీటర్ల లోపల ఉండాలన్న మాట. మా నెల్లూరు జిల్లా ఒడ్డు వెంబడి అల ఇసుకను రేపుతూనే ఉంటుంది కాబట్టి అంత చూపు కూడా దొరకని రోజులే ఎక్కువ. ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట పొలాల్లోని రాతి కట్టుబావుల్లో, మోటారు వేయకముందు, నీళ్లు బాగా తేరుకుని ఉన్నప్పుడు మాత్రం అడుగున ఉన్న రాయి కూడా కనిపిస్తుంది. నేర్చుకునే వారికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే ఈత ఎంత బాగా వచ్చినా, గట్టు మీద తోడు మనిషి లేకుండా బావిలో దిగకూడదు.

తరువాత కెమెరా రకం

ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి ముంచే ఆలోచన మానుకోండి. నీరు చొరదని ఫోన్ల మీద వేసే ఐపీ68 అన్న ముద్ర కదలని మంచినీటిలో చేసిన పరీక్షకు సంబంధించినది, ఉప్పునీటికి కాదు. పైగా నీళ్లలో టచ్ తెర పనిచేయదు.

గోప్రో వంటి యాక్షన్ కెమెరాలు ఈతకూ వీడియోకూ బాగుంటాయి. కానీ వాటిలో చాలా వాటికి ఫోకస్ మారదు. కెమెరాకు అడుగు దూరం లోపలికి వచ్చిన వస్తువు మసకబారుతుంది. మన నీళ్లలో ఫొటో స్పష్టంగా వచ్చేదే ఆ అడుగు దూరంలో కాబట్టి ఫొటోలకు అవి తగవు.

మన వైపు కొనవలసినది అతి దగ్గరగా ఫోకస్ చేయగల చిన్న కాంపాక్ట్ కెమెరా. ఒలింపస్ టీజీ-6, దాని తరువాత 2023లో వచ్చిన ఓఎం సిస్టమ్ టీజీ-7 ఒక సెంటీమీటరు దూరం వరకు ఫోకస్ చేస్తాయి, రా ఫైళ్లు (కెమెరా రంగులు సరిదిద్దకుండా ఉన్నదున్నట్లు దాచే ఫొటోలు) ఇస్తాయి, విడిగానే 15 మీటర్ల లోతు తట్టుకుంటాయి. వాటిలో ఉన్నది 12 మెగాపిక్సెళ్లే, అది చాలు. నీళ్లలో ముందుగా పోయేది ఎరుపు రంగు, ఐదు మీటర్లు దాటేసరికి దాదాపు మిగలదు. రా ఫైలు ఉంటేనే దానిలో కొంతైనా తిరిగి రాబట్టగలం. కెమెరాలోని ఫ్లాష్‌ను ఆపేయండి. మంచు కురిసే వేళ లారీ హెడ్‌లైటు వేస్తే దారికి బదులు మంచే మెరిసినట్లు, ఫ్లాష్ వెలుగులో చేపకు బదులు మధ్యనున్న మట్టి రేణువులు మెరుస్తాయి.

అసలు జాగ్రత్త: హౌసింగ్, దాని రబ్బరు రింగు

కెమెరా విడిగా నీళ్లు తట్టుకున్నా సరే, దానికి సరిపడే హౌసింగ్, అంటే కెమెరాను లోపల పెట్టి మూసే నీరు చొరని పెట్టె, కొనడం తప్పనిసరి. హౌసింగ్ దొరకని మోడల్‌ను కొననే కూడదు. విడి కెమెరాలో నీరు దూరితే అక్కడితో దాని పని అయిపోతుంది. హౌసింగ్‌లోకి దూరితే లోపలి కెమెరా సొంత తలుపులు దాన్ని ఇంకా కాపాడతాయి. వాడేసిన హౌసింగ్‌ను చవకగా వస్తుందని తీసుకోవద్దు, తలుపు అంచున రబ్బరు రింగు కూర్చునే గాడిలో గీత పడి ఉంటే కంటికి కనిపించదు.

లోతుకు వెళ్లే కొద్దీ, ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడే హౌసింగ్ తలుపును రింగు మీదకు నొక్కి బిగిస్తుంది. అందువల్ల లీకు చాలాసార్లు బయటపడేది లోతులో కాదు, తలుపు ఇంకా పూర్తిగా అదమని మొదటి మీటరులోనే. కుళాయి కింద పెట్టి చూసి బాగుందనుకునే వారు ఈ సంగతి గమనించడం లేదు. కుళాయి ధారకు రింగు మీద ఒత్తిడి ఉండదు, కాబట్టి అది పరీక్షే కాదు.

నా మొదటి హౌసింగ్ ఒక బావిలో ఇలాగే పోయింది. దిగే ముందు రింగును తుండుగుడ్డతో శుభ్రంగా తుడిచాననే అనుకున్నాను. నడుము లోతులో అద్దం లోపలి అంచున ఒక చుక్క నిలిచింది, చూస్తుండగానే అది గీతలా కిందికి జారింది. బయటికి తీసి విప్పితే రింగు మీద అడ్డంగా గోరంత నూలు పోగు ఉంది. దాని వెంబడే నీరు లోపలికి నడిచింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చను. రింగును పిన్నుతోనో కత్తి మొనతోనో తీయకూడదు. పాత ఏటీఎం కార్డు అంచుతో లేపాలి. గుడ్డ వాడకుండా, కడిగి ఆరబెట్టిన చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య రింగునంతా మెల్లగా లాగుతూ పోతే ఇసుక రేణువు, వెంట్రుక, పగులు ఏవి ఉన్నా వేలికి తగులుతాయి. తరువాత గ్రీజు రాయాలి. అది రింగుకు మెరుపు వచ్చేంత మాత్రమే, గాడి నిండేంత కాదు, ఎందుకంటే ఎక్కువైన గ్రీజు ఇసుకను పట్టి ఉంచుతుంది. ఏ గ్రీజైనా ఒకటేననుకోవద్దు. సిలికోన్ రింగుకు మామూలు సిలికోన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోతుంది, కనుక తయారీదారు ఇచ్చినదే వాడాలి.

ఇక పరీక్ష. లోపల కెమెరా పెట్టకుండా టిష్యూ కాగితం ఒకటి వేసి మూయండి. ఖాళీ హౌసింగ్ తేలుతుంది కాబట్టి ఉల్లిపాయల వల సంచిలో రాయితో కలిపి కట్టి, తాడుతో బావిలోకి మెల్లగా మీటరు లోతుకు దించి పది నిమిషాలు ఉంచండి. తరువాత అడుగుకంటా వదిలి అరగంట ఆగండి. పైకి తీశాక పైతడి పూర్తిగా తుడిచి, తలుపు కిందివైపు ఉండేటట్లు పట్టుకుని తెరవాలి, లేకుంటే గాడిలో నిలిచిన నీరే లోపల పడి లీకు అని భ్రమపడతారు. కాగితం పొడిగా ఉంటేనే బిల్లు ఖాయం చేసుకోవాలి, కాబట్టి తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో కొట్టులో ముందే అడిగి రాయించుకోండి.

కెమెరాను పెట్టి మూయడం ఏసీ గదిలోనే జరగాలి. ఒడ్డున ఉక్కపోతలో మూస్తే లోపల చిక్కిన తేమ, చల్లని నీరు తగలగానే అద్దానికి పొగలా పడుతుంది. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లం కూడా ఒకటి వేయండి. మూశాక గట్టు మీద నుంచి కెమెరాతో దూకవద్దు, మెట్లు దిగండి. ఆ దెబ్బకు రింగు మీద పడే ఒత్తిడి లోతు లెక్కకు అందదు.

వాడిన తరువాత

ఉప్పు ఆరకముందే హౌసింగ్‌ను మంచినీటిలో అరగంట నానబెట్టి, మీటలన్నీ నాలుగైదు సార్లు నొక్కాలి. తీర గ్రామాల్లో చాలా చోట్ల బోరు నీరు కూడా ఉప్పగానే ఉంటుంది కాబట్టి, ఇంటి నుంచే ఒక క్యాను మంచినీళ్లు, హౌసింగ్ మునిగేంత వెడల్పున్న బకెట్టు వెంట తీసుకెళ్లండి.