లీకైన రహస్య పత్రం వార్తను ఎలా చదవాలి?

రహస్య పత్రాలు లీకయ్యాయనగానే కొందరు మొత్తం నమ్మేస్తారు, కొందరు మొత్తం ఫేక్ అనేస్తారు. ఇన్నేళ్లుగా డెస్క్‌లో ఇలాంటి వార్తలు దిద్దుతున్న నాకు రెండూ చూసి విసుగొచ్చింది.

కావాల్సినవి తెల్లకాగితం, పెన్సిల్. పెన్ను వద్దు. మొదటిరోజు రాసుకున్నదాంట్లో సగం మూడోరోజుకి నిలవదు. స్క్రీన్‌షాట్లు దాచుకుంటే చాలంటారు కొందరు. దాచినవి మళ్లీ తెరిచి చూసినవాళ్లు నాకింకా తగల్లేదు.

ముందు పత్రం మీది తేదీ, ముద్ర, దాన్ని మొదట బయటపెట్టింది ఎవరు అన్నవి రాసుకోండి. ‘నోఫార్న్’ అని ఉంటే విదేశీయులకు చూపకూడదని అర్థం, అంతే. అది రహస్యమని ముద్ర చెబుతుంది, నిజమని చెప్పదు. ఐదు నిమిషాల పని ఇది. ఫొటోలో కాగితం మడతలు, వెనకాల కనిపించే వస్తువులు జూమ్ చేస్తూ రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. అది దర్యాప్తువాళ్ల పని, మనది కాదు.

ఇక అసలు చిక్కు అంకెల దగ్గర. ఇక్కడ తొందరపడితే ముందు చేసిందంతా వృథా.

2023 ఏప్రిల్‌లో బయటికొచ్చిన పెంటగాన్ (అమెరికా రక్షణశాఖ) పత్రాలే తీసుకోండి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు వైమానిక రిజర్వు దళం ఎయిర్ నేషనల్ గార్డ్‌లో పనిచేసే జాక్ టెషేరా వాటిని డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పెట్టాడు. తర్వాత 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. వాటిలో ఒకదానిలో ఉక్రెయిన్ యుద్ధంలో చనిపోయిన సైనికుల అంచనా ఉంది: రష్యావాళ్లు 35,500 నుంచి 43,000, ఉక్రెయిన్‌వాళ్లు 16,000 నుంచి 17,500. టెలిగ్రామ్‌లో తిరిగిన కాపీలో ఉక్రెయిన్ అంకెను రష్యాకి అంటించి, ఉక్రెయిన్‌కి 61,000 నుంచి 71,500 అని రాసిపెట్టారు. కాగితం అదే, ముద్ర అదే. అందుకే ఏ అంకెనైనా కనీసం రెండు కాపీల్లో పోల్చకుండా రాసుకోకండి. రెండూ ఒకచోటి నుంచి ఫార్వర్డ్ అయినవైతే అవి రెండు కాదు, ఒకటే.

కాపీ అసలుదే అని తేలాక కూడా ఆగాలి. ఆ పత్రాల్లోనే ఉక్రెయిన్‌లో నాటో దేశాల ప్రత్యేక దళాల లెక్క ఒకటుంది: బ్రిటన్ 50, లాత్వియా 17, ఫ్రాన్స్ 15, అమెరికా 14, నెదర్లాండ్స్ 1. వాళ్లు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో అందులో లేదు. అయినా మర్నాటికి జనం వాళ్లని ఫ్రంట్‌లైన్‌లో నిలబెట్టేశారు. రహస్య దళం అనగానే మనకు ఊహ ఆగదు, ఖాళీ కనిపిస్తే నింపేస్తాం. నింపొద్దు. కాగితం మీద ఆ చోటు ఖాళీగానే ఉంచండి.

ఇప్పుడు ఆ దేశాలు ఇచ్చిన ఖండన చదవండి, క్రియాపదం కింద గీత గీస్తూ. ఫ్రాన్స్ తన బలగాలు ఉక్రెయిన్‌లో ఆపరేషన్లలో ‘పాల్గొనడం లేదు’ అంది. ‘లేరు’ అనలేదు. ఉక్రెయిన్‌లోని తన ఎంబసీలో చిన్న సైనిక బృందం ఉందని అమెరికా ఒప్పుకుంది, సంఖ్య చెప్పలేదు. బ్రిటన్ రక్షణశాఖ లీకైన సమాచారంలో తీవ్రమైన తప్పులున్నాయంది, ఏవి తప్పో చెప్పలేదు. ప్రత్యేక దళాల గురించి ఏమీ మాట్లాడకపోవడం బ్రిటన్ పాత పద్ధతి. కాబట్టి అక్కడి మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకోకండి, ఖండనగానూ రాసుకోకండి. నేను నేర్పిన కుర్రాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది తప్పేది ఇక్కడే.

చివరిది, పంచుకోవడం. అంకె, తేదీ, ఎవరన్నారో రాసి పంపండి. పత్రం ఫొటో మాత్రం వద్దు, అందులో పేర్లుంటే అసలే వద్దు. 2022లో బ్రిటన్ రక్షణశాఖ నుంచి పొరపాటున బయటికెళ్లిన, బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన అఫ్గాన్ల జాబితాలో ప్రత్యేక దళాలవాళ్లు, గూఢచారులతో కలిపి వందమందికి పైగా బ్రిటన్‌వాళ్ల వివరాలూ ఉన్నాయి. ఆ లీక్ జరిగిందన్న మాటే కోర్టు ఆంక్ష వల్ల 2025 జూలై దాకా బయటికి రాలేదు.