టాస్ పడేదాకా మీ పక్షం ఏదో తెలియదు: ఇజ్రాయెల్, పాలస్తీనా, అమెరికా సాయం గురించి వాదించడం ఎలా

2023 దీపావళికి న్యూజెర్సీలో మా స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర నేనొక తప్పు చేశాను. గాజా యుద్ధం మొదలై అప్పటికి ఐదు వారాలు. టీవీలో చూసిన పిల్లల ముఖాలు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. "అమెరికా ఏటా 38 బిలియన్ డాలర్ల క్యాష్ ఇజ్రాయెల్ చేతిలో పెడుతోంది" అన్నాను. ఆ ఇంటి అన్నయ్యగారు నెమ్మదిగా, "ఏటా 38 కాదమ్మా, పదేళ్ళకి 38. అదీ క్యాష్ కాదు" అన్నారు. ఆయన చెప్పిందే నిజం. ఒప్పుకోవాల్సింది పోయి, "మీకు పిల్లల ప్రాణాలంటే లెక్కలేదు" అనేశాను. తర్వాత ఐదు నెలలు ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు.

నేను పద్దెనిమిదేళ్ళుగా టాక్స్ రిటర్నులు చేస్తున్నాను. క్లయింటు ఫారంలో ఒక్క సున్నా తేడా వచ్చినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటిదాన్ని, మనుషుల ప్రాణాల గురించి మాట్లాడుతూ అంకె సరిచూసుకోలేదు. ఆ ఏడాదే మా అమ్మాయి స్కూల్లో డిబేట్ టీంలో చేరింది. పోటీలకు తల్లిదండ్రులు జడ్జీలుగా రావాలన్నారు, వెళ్ళాను. అక్కడ చూసింది, తర్వాత శనివారాలు మా బేస్‌మెంట్లో ఐదారుగురు మన పిల్లలతో సాధన చేయిస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పోటీకే కాదు, భోజనాల బల్ల దగ్గరకూ పనికొస్తుంది.

ముందు ప్రశ్న సరిగ్గా పెట్టుకోండి. "అమెరికా ఇజ్రాయెల్‌ని సపోర్ట్ చేయాలా, పాలస్తీనానా?" అని అడిగితే అది చర్చ కాదు, కొట్లాట. ఎవరైనా ఒక పని చేయాలో వద్దో తేల్చేలా ప్రశ్న ఉండాలి. మా బేస్‌మెంట్లో పెట్టుకున్న అంశం ఇది: "ఇజ్రాయెల్‌కు ఇచ్చే సైనిక సాయానికి అమెరికా కాంగ్రెస్ గట్టి షరతులు పెట్టాలి." దీని గురించి ఓటు వేయవచ్చు, చట్టం రాయవచ్చు, ఆపవచ్చు. 1948లో ఎవరు ఎవరిని తరిమారు, 1967లో మొదటి తూటా ఎవరిది అన్నవి ముఖ్యం కావని కాదు. కానీ నాలుగు నిమిషాల ప్రసంగంలో వాటిని మొదలుపెట్టినవాళ్ళు సాయం దాకా రానేలేదు. ఎన్ని రౌండ్లలో చూశానో!

ఇక డబ్బు. ఇక్కడ బద్ధకించవద్దు. 2016లో ఒబామా ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో ఒక ఒప్పందం రాసుకుంది. 2019 నుంచి 2028 ఆర్థిక సంవత్సరాల వరకు పదేళ్ళకి 38 బిలియన్లు. బిలియన్ అంటే వంద కోట్లు కాబట్టి 3,800 కోట్ల డాలర్లు. అందులో 3,300 కోట్లు ఆయుధాల కొనుగోలుకి, 500 కోట్లు క్షిపణుల నుంచి రక్షణకి. ఏడాదికి 380 కోట్లు. పిల్లలు బిలియన్లలో, పెద్దలు కోట్లలో మాట్లాడతారు. సున్నాలు జారిపోయేది అక్కడే, నావి జారినట్టు. రెండింటిలోనూ రాసుకోండి.

ఆ ఒప్పందం చట్టం కాదని కూడా గుర్తుంచుకోవాలి. డబ్బు ప్రతి ఏడాదీ కాంగ్రెస్ ఆమోదించాలి. ఎక్కువ భాగం అమెరికన్ కంపెనీల దగ్గర ఆయుధాలు కొనడానికే. ఇందులో కొంత సొంత దేశంలో ఖర్చు పెట్టుకునే వెసులుబాటు ఇజ్రాయెల్‌కు ఉండేది, దాన్నీ 2028 నాటికి తీసేయాలని అదే ఒప్పందంలో ఉంది. మిగతా దేశాలకు విడతలుగా వెళ్ళే సాయం ఇజ్రాయెల్‌కు ఏడాది మొదట్లోనే ఒకేసారి వెళ్తుంది, వడ్డీ వచ్చే ఖాతాలోకి. వడ్డీ మాట చెప్పినప్పుడు మా పిల్లలు నమ్మలేదు. నాకు మాత్రం, లెక్కలు చూసేదాన్ని కాబట్టి, మొదట కంటికి తగిలింది అదే.

మామూలు ఏడాది లెక్క ఇది. యుద్ధం వచ్చాక 2024 ఏప్రిల్‌లో బైడెన్ సంతకం చేసిన అదనపు చట్టం వేరు. అందులో ఇజ్రాయెల్ పేరుతో ఉన్న భాగం దాదాపు 2,600 కోట్ల డాలర్లు. కానీ దానిలో 900 కోట్లకు పైగా గాజాకూ ఇతర చోట్లకూ వెళ్ళాల్సిన మానవతా సాయం. ఈ ఒక్క అంకెను సగం విప్పి చూపించే వక్తలు రెండు పక్షాల్లోనూ ఉంటారు. మీరు మొత్తం విప్పండి.

"మన టాక్స్ డబ్బు ఎంత?" అని పిల్లలు అడుగుతారు. ఏటా దాఖలయ్యే వ్యక్తిగత రిటర్నులు సుమారు 16 కోట్లు. 380 కోట్లను పంచితే రిటర్నుకి 24 డాలర్లు. ఇది సగటు మాత్రమే, అందరూ అంతే కడుతున్నారని కాదు. విదేశీ సాయం మొత్తం కలిపినా ఫెడరల్ బడ్జెట్‌లో నూటికి ఒకటి దరిదాపుల్లో ఉంటూ వచ్చింది, పావు వంతు ఉంటుందని సర్వేల్లో జనం చెప్తుంటారు. కాబట్టి "ఈ డబ్బు ఆపితే మన ఆస్పత్రి బిల్లులు తగ్గుతాయి" అనే వాదన నిలవదు. వాదించాల్సింది డబ్బు పరిమాణం గురించి కాదు, ఆ డబ్బుతో మనకు వచ్చే బాధ్యత గురించి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఓటు లేకుండానే ఆ 24 డాలర్లు కడుతున్నారు. వాళ్ళకూ అడిగే హక్కు ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

పాలస్తీనా వైపు వెళ్ళే డబ్బును ఒకే సంచిలో వేయకండి. "అమెరికా డబ్బు హమాస్‌కి పోతోంది" అని ఎవరైనా అంటే, ఏ సంచి అని అడగండి. గాజాను పాలిస్తూ వచ్చిన హమాస్ 1997 నుంచి అమెరికా ఉగ్రవాద సంస్థల జాబితాలో ఉంది. వెస్ట్ బ్యాంక్‌లో కొంత పాలన చూసే పాలస్తీనా అథారిటీ వేరు. ఇజ్రాయెలీలపై దాడి చేసిన ఖైదీల కుటుంబాలకు అది డబ్బు ఇస్తున్నంతకాలం దానికి నేరుగా లాభం కలిగే ఆర్థిక సాయం ఆపాలని 2018లో టేలర్ ఫోర్స్ చట్టం చేశారు. శరణార్థులకు బడులు, ఆస్పత్రులు నడిపే ఐక్యరాజ్యసమితి సంస్థ ఉన్‌ర్వా ఇంకో సంచి. దానికి ట్రంప్ 2018లో ఆపారు, బైడెన్ 2021లో మళ్ళీ ఇచ్చారు. 2023 అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌పై హమాస్ చేసిన దాడిలో సంస్థ ఉద్యోగులు 12 మంది పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించాక 2024 జనవరిలో మళ్ళీ ఆపారు, తర్వాత కాంగ్రెస్ చట్టంతోనే నిషేధించింది. షరతులు ఒక వైపు ఇంత కచ్చితంగా అమలయ్యాయి కదా, రెండో వైపు సంగతేంటి? అనుకూల పక్షానికి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు.

అక్కడి నుంచి చట్టంలోకి వెళ్ళాలి. షరతులు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. సెనెటర్ పాట్రిక్ లేహీ పేరుతో 1990ల నుంచి ఉన్న చట్టం ప్రకారం, తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘనలు చేసిందని నమ్మదగిన సమాచారం ఉన్న సైనిక యూనిట్‌కు అమెరికా సాయం వెళ్ళకూడదు. దేశం మొత్తానికి కాదు, ఆ యూనిట్‌కి. తేడా పట్టుకోండి. విదేశీ సాయం చట్టంలో మరో సెక్షన్, అమెరికా పంపే మానవతా సాయాన్ని అడ్డుకునే దేశానికి భద్రతా సాయం ఇవ్వవద్దంటుంది. అయితే దేశ భద్రత పేరుతో మినహాయింపు ఇచ్చే అధికారం ప్రెసిడెంట్‌కు ఉంది.

2024 మే 10న బైడెన్ ప్రభుత్వం కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికను పిల్లల చేత మూడుసార్లు చదివించాను. అమెరికా ఆయుధాలను అంతర్జాతీయ మానవతా చట్టానికి విరుద్ధంగా వాడిన సందర్భాలు ఉన్నాయని అంచనా వేయడం సబబేనని అందులో ఉంది. ఫలానా దాడిలో అని తేల్చేంత సమాచారం లేదని ఉంది. సాయాన్ని ఇజ్రాయెల్ ప్రస్తుతం అడ్డుకుంటోందని తాము అంచనా వేయడం లేదనీ ఉంది. మొదటి వాక్యం ఒక పక్షం చదువుతుంది, మిగతావి ఇంకో పక్షం. అన్నీ తెలిసిన పిల్లని క్రాస్‌ఫైర్‌లో, అంటే రెండు పక్షాలూ ఒకరినొకరు ప్రశ్నించుకునేటప్పుడు, ఎవరూ కదిలించలేరు.

మా పిల్లలు ఆడే పబ్లిక్ ఫోరం అనే డిబేట్ పద్ధతిలో టాస్ వేసి పక్షం తేలుస్తారు. అందుకే రెండూ తయారు చేసుకోవాలి, అదీ మనస్ఫూర్తిగా. మా అబ్బాయిల్లో ఒకడికి గాజా విషయం ప్రాణం. ఒక శనివారం టాస్‌లో వాడికి షరతులు వద్దనే పక్షం వచ్చింది. "ఆంటీ, నా వల్ల కాదు" అన్నాడు. "నువ్వు ఇజ్రాయెల్ దక్షిణాన స్దెరోత్ ఊళ్ళో అమ్మవి అనుకో నాన్నా. సైరన్ మోగింది, పరిగెత్తడానికి 15 సెకన్లు. ఇప్పుడు మాట్లాడు" అన్నాను. వాడు లేచి, 2024 ఏప్రిల్‌లో ఇరాన్ ఒక్క రాత్రిలో 300కి పైగా డ్రోన్లు, క్షిపణులు వదలడం దగ్గర మొదలుపెట్టాడు. వాటిలో దాదాపు అన్నింటినీ కూల్చేశారు కాబట్టే ఆ రాత్రి పెద్ద యుద్ధం రాలేదన్నాడు. సాయం మీద అనుమానం పుడితే శత్రువులకు ధైర్యం వస్తుందన్నాడు. ఆ రోజు వాడే గెలిచాడు. వాడి అభిప్రాయం మారలేదు, కానీ అవతలివాళ్ళని రాక్షసులనడం మానేశాడు.

షరతులు పనిచేస్తాయా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇక్కడ చరిత్ర రెండు వైపులా ఉంది, దాచకండి. 1957లో ఐసెన్‌హోవర్ ఒత్తిడికి ఇజ్రాయెల్ ఈజిప్టులోని సినాయ్ నుంచి వెనక్కి వెళ్ళింది. 1982లో రీగన్ క్లస్టర్ బాంబుల సరఫరా ఆపారు. 1991లో పెద్ద బుష్ సెటిల్‌మెంట్ల (ఆక్రమిత ప్రాంతాల్లో ఇజ్రాయెల్ కట్టే కాలనీల) విషయంలో 1,000 కోట్ల డాలర్ల రుణ హామీలను తొక్కిపెట్టారు, మరుసటి ఏడాది ఇజ్రాయెల్ ప్రధానిగా రబీన్ వచ్చాకే ఇచ్చారు. కానీ 2024 మేలో బైడెన్ 2,000 పౌన్ల బాంబుల సరఫరా ఒకటి ఆపినా, గాజా దక్షిణాన ఉన్న రఫా మీద దాడి ఆగలేదు. ట్రంప్ రాగానే ఆ బాంబులు విడుదలయ్యాయి.

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో, బళ్ళో అమెరికా గోధుమరవ్వ ఉప్మా తిని చదువుకుంది. వియత్నాం యుద్ధాన్ని ఇండియా విమర్శిస్తోందన్న కోపం కూడా తోడై, ప్రెసిడెంట్ జాన్సన్ 1960ల మధ్యలో ఆ గోధుమల ఓడల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. ఢిల్లీ ఆ అవమానాన్ని మర్చిపోలేదు. తిండిగింజలు మనమే పండించుకోవాలన్న పట్టుదలకు అదీ ఒక కారణం. సాయానికి షరతు పెడితే పుచ్చుకునే దేశం ఎలా స్పందిస్తుందో మన ఇళ్ళలోనే జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకాన్ని వాడుకోండి, కానీ ఆకలికి గోధుమలివ్వడం, సైన్యానికి బాంబులివ్వడం ఒకటి కాదని కూడా చెప్పండి.

డబ్బు ఒకటి, రాజకీయ మద్దతు ఇంకొకటి. భద్రతా మండలిలో వీటో, 2018లో జెరూసలేంకు ఎంబసీ తరలించడం, 2019లో సిరియా నుంచి పట్టుకున్న గోలన్ కొండలను ఇజ్రాయెల్‌వేనని గుర్తించడం, వీటిలో సైనిక సాయం లెక్క లేదు. 2016 డిసెంబర్‌లో సెటిల్‌మెంట్లను తప్పుపట్టిన తీర్మానానికి ఒబామా ప్రభుత్వం వీటో వేయకుండా తటస్థంగా ఉంది. 38 బిలియన్ల ఒప్పందం చేసిన అదే ప్రభుత్వం, మూడు నెలల తేడాతో. సాయం ఇస్తూనే మద్దతు తగ్గించవచ్చని ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించండి. అక్టోబర్ 7న ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపారు, 250 మంది దాకా బందీలుగా పట్టుకుపోయారు. గాజాలో మృతులు 2025 మధ్యకి 60,000 దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. అందులో పోరాడేవాళ్ళనీ మామూలు జనాన్నీ విడదీయరు. అంకె చెప్తే ఎవరి లెక్కో కూడా చెప్పండి. ఒక అంకె చెప్పాక "కానీ" అని రెండోది మొదలుపెట్టవద్దు. రెండూ పూర్తి వాక్యాలుగా చెప్పండి. జాతిహత్య అనే మాట వాడాలంటే, అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జనవరిలో ఇచ్చింది మధ్యంతర ఆదేశాలే, తుది తీర్పు కాదని తెలిసి వాడండి.

ఇంకో మాట, ఇది మనవాళ్ళకే. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ చర్చ పది నిమిషాల్లో హిందూ ముస్లిం గొడవగా మారిపోతుంది. ఇంటి కోపాలు గాజా మీద, టెల్ అవీవ్ మీద తీర్చుకోవడం అన్యాయం. "యూదులు" అనబోయి ఆగి "ఇజ్రాయెల్ ప్రభుత్వం" అనండి. "పాలస్తీనావాళ్ళు" అనబోయి, మీరనేది హమాస్ గురించైతే హమాస్ అనండి.

నా అభిప్రాయం దాచను. క్షిపణుల నుంచి కాపాడే భాగం కొనసాగాలి, మిగతా ఆయుధాలకు మన చట్టంలో ఉన్న షరతులు ఏ దేశానికైనా ఒకేలా అమలు కావాలి. 2024 ఏప్రిల్‌లో ఉగాది పచ్చడి డబ్బా పట్టుకుని ఆ అన్నయ్యగారింటికి వెళ్ళి, అంకె విషయంలో తప్పు నాదని, అన్న మాట ఇంకా పెద్ద తప్పని చెప్పాను. ఆయన, "షరతుల విషయంలో నేనింకా ఒప్పుకోను చెల్లెమ్మా, కూర్చో" అన్నారు. రెండు గంటలు వాదించుకున్నాం.

వాదించాక ఊరుకోవద్దు. కొన్ని ఆయుధాల అమ్మకం ఆపాలన్న తీర్మానాలకు 2024 నవంబర్‌లో సెనేట్‌లో 20 ఓట్లు కూడా రాలేదు. 2025 జులైలో అలాంటి ఒక తీర్మానానికి 27 వచ్చాయి, అయినా వీగిపోయింది. మీరు ఏ పక్షమైనా, మీ సెనెటర్ ఎటు ఓటు వేశారో చూసి ఆఫీసుకి ఫోన్ చేయండి. ఎత్తేది ఎక్కువగా ఇరవై ఏళ్ళ ఇంటర్న్. పేరు, బిల్లు, అవును లేదా వద్దు, కారణం ఒకటి, అంతా ఒక నిమిషంలో చెప్పేయాలి. జిప్ కోడ్ ముందే చెప్పండి, మీరు వాళ్ళ నియోజకవర్గమో కాదో మొదట అడిగేది దాన్నే.