భూమి, చంద్రుడు, సూర్యుడు – 5వ పాఠం: 27కీ 29కీ ఉన్న తేడా, పోటు వేళ లెక్క

పోయిన పాఠంలోని అభ్యాసం చాలామందిని తికమక పెట్టింది. చంద్రుడు ఒక చుక్క పక్కనుంచి బయల్దేరి మళ్లీ ఆ చుక్క పక్కకు చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో లెక్కపెట్టమన్నాం. కొందరికి 27 వచ్చింది, కొందరికి 28. ఇంకొందరు చుక్కను వదిలేసి పౌర్ణమి నుంచి పౌర్ణమికి లెక్కపెట్టారు. 29 వచ్చేసరికి తమదే తప్పనుకుని కొట్టేశారు. కొట్టేయక్కర్లేదు. ఇవాళ నేరుగా ఆటుపోట్లలోకి వెళ్లాల్సింది గానీ, ఈ ముడి విప్పకపోతే పోటు వేళ లెక్క కుదరదు.

ముందు 27, 28 సంగతి. చుక్కల లెక్కన చంద్రుడి చుట్టు 27 రోజుల 7 గంటల 43 నిమిషాలు. మీరు రాత్రి 10 గంటలకు మొదలుపెడితే, అతను మళ్లీ ఆ చుక్క దగ్గరికి చేరేది తెల్లవారుజామున 5.43కి. ఆ పై చుట్టు పూర్తయ్యేది మధ్యాహ్నం 1.26కి, అప్పుడు చుక్కే కనబడదు. ముందు రాత్రి చూస్తే ఇంకా చేరలేదు, మర్నాటి రాత్రి చూస్తే దాటిపోయాడు. అందుకే ఒకరు 27 అన్నారు, ఒకరు 28 అన్నారు.

దీనికి దగ్గరి దారి ఉంది. ఒక చుట్టు వద్దు, మూడు చుట్లు కొలవండి. మూడు చుట్లకు 81 రోజుల 23 గంటల 9 నిమిషాలు, అంటే గంట తక్కువగా 82 రోజులు. మొదలుపెట్టిన వేళకే దాదాపుగా ముగుస్తుంది. 82ను 3తో భాగిస్తే 27.33 వస్తుంది, అసలు విలువ 27.32. అయితే మొదటి రాత్రి చుక్క తూర్పు దిక్కున ఉండాలి. 82 రోజుల తర్వాత అదే గంటకు అది 81 డిగ్రీలు పడమటికి జరిగి ఉంటుంది. నడినెత్తిన ఉన్న చుక్కతో మొదలుపెడితే చివరికి అది అస్తమిస్తూనో అస్తమించేసో ఉంటుంది. చిత్త, మఘ, రోహిణి, జ్యేష్ఠ – ఈ నాలుగూ చంద్రుడి దారికి దగ్గర్లోనే ఉంటాయి. చంద్రుడు చుక్కను తాకనక్కర్లేదు, దానికి సూటిగా ఉత్తరానికో దక్షిణానికో వచ్చిన వేళ రాసుకుంటే చాలు.

ఇక 29. గడియారంలో 12 గంటలకు రెండు ముళ్లూ కలుస్తాయి. పెద్దముల్లు గంటలో చుట్టు ముగించి 12 దగ్గరికి వస్తుంది గానీ, చిన్నముల్లు అప్పటికే ఒకటి మీదికి జరిగి ఉంటుంది. దాన్ని అందుకోవడానికి పెద్దముల్లుకు ఇంకో అయిదున్నర నిమిషాలు పడుతుంది. చంద్రుడు పెద్దముల్లు, సూర్యుడు చిన్నముల్లు. భూమి తన కక్ష్యలో కదలడం వల్ల, మనకు సూర్యుడు చుక్కల మధ్య రోజుకు దాదాపు ఒక డిగ్రీ తూర్పుకు జరుగుతున్నట్టు కనిపిస్తాడు. చంద్రుడు రోజుకు 13.2 డిగ్రీలు జరుగుతాడు. 27.32 రోజుల్లో చంద్రుడు చుట్టు ముగించేసరికి సూర్యుడు 27 డిగ్రీలు ముందుకు పోయి ఉంటాడు. ఆ 27 డిగ్రీలు దాటడానికి రెండు రోజులు, ఆ రెండు రోజుల్లో సూర్యుడు జరిగిన మరికాస్త దూరానికి ఇంకొన్ని గంటలు. మొత్తం 2.2 రోజులు. అలా 29.53 అవుతుంది. లెక్కగా కావాలంటే: 1/27.32 నుంచి 1/365.25 తీసేస్తే 1/29.53.

చంద్రకళలు ఎప్పుడూ సూర్యుడితో లెక్క, కాబట్టి నెల 29.53. ఆటుపోట్ల హెచ్చుతగ్గులు కూడా సూర్యుడితో కలిసిన లెక్కే. ఇక్కడినుంచి 27ను పక్కన పెట్టండి.

29.53ను కంటితో కొలవాలనుకునేవాళ్లు పౌర్ణమితో మొదలుపెట్టకండి. ముందు రోజూ మర్నాడూ కూడా చంద్రుడు నిండుగానే కనిపిస్తాడు. సగం చంద్రుడే మేలు. వెలుగుకూ చీకటికీ మధ్య గీత ఏ వైపుకీ వంగకుండా తిన్నగా ఉండేది ఒక్క రాత్రే.

ఇప్పుడు పోటు. సముద్రపు నీరు చంద్రుడి వైపూ, దానికి అవతలివైపూ ఉబ్బుతుంది. రెండు ఉబ్బులెందుకో క్లుప్తంగా: చంద్రుడికి దగ్గరగా ఉన్న నీటి మీద లాగుడు భూమి కేంద్రం మీదకన్నా ఎక్కువ, అవతలివైపు నీటి మీద తక్కువ. ఆ తేడావల్లే రెండు వైపులా ఉబ్బు. ఈ తేడా దూరం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడికి 2.7 కోట్ల రెట్లు, దూరం 389 రెట్లు. 389 ఘనం దాదాపు 5.9 కోట్లు. భాగిస్తే 0.46, అంటే చంద్రుడి బలం 1 అనుకుంటే సూర్యుడిది 0.46. అమావాస్యకూ పౌర్ణమికీ రెండు బలాలూ కూడి 1.46, అష్టమి ప్రాంతాల్లో తీసివేసి 0.54. పెద్ద పోటుకూ చిన్న పోటుకూ తేడా అక్కడినుంచే వస్తుంది. నీరు నిదానిస్తుంది కాబట్టి, చాలా తీరాల్లో అసలైన పెద్ద పోటు పౌర్ణమి నాడు కాక ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది.

భూమి ఒక చుట్టు తిరిగేసరికి చంద్రుడు ముందుకు జరిగి ఉంటాడు, కాబట్టి అతను మళ్లీ మధ్యాహ్న రేఖకు (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి ఊహించుకునే గీతకు) రావడానికి సగటున 24 గంటల 50 నిమిషాలు. రెండు పోట్ల మధ్య అందులో సగం, 12 గంటల 25 నిమిషాలు. చంద్రోదయ వేళను మాత్రం ఈ లెక్కకు వాడకండి. ఉదయాల మధ్య ఆలస్యం అక్షాంశాన్నీ ఋతువునూ బట్టి బాగా మారుతుంది, మధ్యాహ్న రేఖ దాటే వేళ అంతగా మారదు.

ఎన్ని పాఠాలు చెప్పినా పోని భ్రమ ఒకటుంది: చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడే పోటు వస్తుందని. చాలా చోట్ల రాదు. పుస్తకాల పటాల్లో గీసే ఉబ్బు చంద్రుడి కిందే ఉండాలంటే, భూమధ్యరేఖ దగ్గర ఆ అల గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు పరుగెత్తాలి. 4 కిలోమీటర్ల లోతు సముద్రంలో అంత పొడవైన అల వేగం సెకనుకు 198 మీటర్లు, అంటే గంటకు 710 కిలోమీటర్ల చిల్లర. సగం వేగం కూడా లేదు. పైగా దారిలో ఖండాలు అడ్డం. అందుకని ప్రతి సముద్రం తన తొట్టె ఆకారానికీ లోతుకూ తగ్గట్టు ఊగుతుంది, అల కొన్ని బిందువుల చుట్టూ తిరుగుతుంది, ఆ బిందువుల దగ్గర పోటు దాదాపు ఉండదు. ఒక రేవులో చంద్రుడు మధ్యాహ్న రేఖ దాటిన గంటకే పోటు, మరో రేవులో ఆరు గంటలకు. రెండూ సహజమే. ఒక చోట ఆ ఎడం ఎంతో, దాదాపు అంతే ఎప్పుడూ ఉంటుంది. మనకు కావాల్సింది అదే.

అమావాస్య నాడో పౌర్ణమి నాడో మీ తీరంలో పోటు గంట ఒకటి పట్టుకోండి. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం, భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు. కాబట్టి గడిచిన తిథుల్ని 48తో హెచ్చించి ఆ గంటకు కలపండి. పౌర్ణమి నాడు పోటు 3.00కి అయితే, 5 తిథులు గడిచాక 240 నిమిషాలు కలిపి 7.00. 10 తిథులకు 11.00. రెండో పోటుకు 12 గంటల 25 నిమిషాలు కలపండి.

ఈ లెక్క అటూ ఇటూ గంట దాకా తప్పుతుంది. సూర్యుడి ఉబ్బు కూడా లాగడం వల్ల అమావాస్య, పౌర్ణమిల తర్వాతి వారంలో పోటు లెక్కకన్నా ముందే వస్తుంది, అష్టమి దాటాక ఆలస్యంగా వస్తుంది. మెక్సికో సింధుశాఖలో చాలా చోట్ల రోజుకు ఒకే పోటు. అలాంటి తీరంలో ఈ పద్ధతే పనిచేయదు.

అభ్యాసం: 15 రోజులు, రోజుకో పోటు. నీళ్లు పెరిగి ఆగిన క్షణం కంటికి దొరకదు. నీటి అంచు ఒక కర్ర గుర్తును పైకి దాటిన వేళ, దిగుతూ మళ్లీ దాటిన వేళ రాసి, రెంటికీ మధ్య వేళ తీసుకోండి. సముద్రం దూరమైతే, ఉత్తర దక్షిణాలుగా రెండు తూకపు దారాలు వేలాడదీసి చంద్రుడు వాటి వరసలోకి వచ్చే వేళను వరసగా 5 రోజులు రాయండి. పోటు ఎత్తును రాయొద్దు. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీటి మట్టం దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. చంద్రుడి వంతెంతో వాతావరణం వంతెంతో విడదీయడానికి 15 రోజులు చాలవు.